జీడిపప్పు యూనిట్ చుట్టూ ఎలుకల మందు డబ్బాలు: పిల్లలు, కుక్కలు ముట్టలేనట్టు లోకల్‌గా చేయించుకోవచ్చా?

పలాస_పిక్క

అందరికీ నమస్కారం. పలాసలో జీడిపప్పు యూనిట్. షెడ్డు 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. వెనక తొక్క కుప్ప, ఒక పక్క మురుగు కాలువ. ప్రహరీ వెంట పందికొక్కుల కలుగులు, రేకుల కింద దూలాల మీద ఇంటి ఎలుకలు, ప్యాకింగ్ గదిలో చిట్టెలుకలు. మూడు రకాలూ ఉన్నాయి.

ఇప్పటిదాకా బ్రోమడయోలోన్ మైనం కేకులు కొబ్బరి చిప్పల కింద పెడుతున్నాం. తెల్లారేసరికి కేకు ఉండదు. తిన్నదో, పట్టుకుపోయిందో తెలీదు. మొన్న పొట్టు తీసే చోట బస్తాల సందులో ఒక కేకు దొరికింది, సగం కొరికి ఉంది. వలుపు పనికొచ్చే ఆడవాళ్ల వెంట చిన్నపిల్లలుంటారు, ఆవరణలో కుక్కలు తిరుగుతాయి. అందుకే తాళం ఉన్న డబ్బాలకు మారదామనుకుంటున్నాం.

అడిగేవి ఇవి. రేకుతో గానీ పైపుతో గానీ ఇక్కడే చేయిస్తే పనికొస్తుందా, కొలతలేంటి? ఎన్ని, ఎక్కడ పెట్టాలి? లోపల ఏ ఎర వాడాలి?

---

పెస్ట్_విజినారం

మాస్టారూ, మీ అసలు సమస్య తాళం లేకపోవడం కాదు, కేకు కదలడం. మన పందికొక్కుకు తిండిని కలుగులోకి మోసుకెళ్లి దాచుకునే అలవాటు. వరి కోతలప్పుడు కలుగు తవ్వితే వెన్నులు గుట్టగా బయటపడేది అందుకే. చిప్ప కింద వదిలిన కేకు దానికి మందు కాదు, సరుకు. ఎంత గట్టి తాళమున్న డబ్బా కొన్నా లోపల కేకు విడిగా పడేస్తే, ఎలుకే దాన్ని నోట కరచుకుని తెచ్చి మీ బస్తాల మధ్య పెడుతుంది. డబ్బా ఏదైనా ముందు చూడాల్సింది, కేకు ఊచకు గుచ్చి ఉంటుందా లేదా అన్నది. కొరుక్కుని అక్కడే తినాలి, ఎత్తుకుపోకూడదు.

టాంపర్ రెసిస్టెంట్ అనే మాటకు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన ప్రమాణం ఉంది. ఆరేళ్లలోపు పిల్లలు, కుక్కలు తెరవలేకపోవాలి, బయట పెట్టేదైతే ఎండావానకు తట్టుకోవాలి. మూతకు తాళం, ఎలుక పట్టి పెద్ద జంతువు పట్టని కన్నం, లోపల అడ్డుపలకలు, ఎర పట్టి ఉంచే ఏర్పాటు, నేలకో గోడకో బిగించే వీలు, హెచ్చరిక రాయడానికి చోటు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతావి దండగ. నేలకు బిగించని డబ్బాను కుక్క దొర్లిస్తుంది, పిల్లవాడు ఎత్తి ఊపుతాడు. ఊచ లేకపోతే ఆ ఊపుకు ముక్కలు కన్నంలోంచి రాలతాయి, తాళం మాత్రం భద్రంగానే ఉంటుంది.

కన్నం కొలత: ఇంటి ఎలుకకు 50 ఎంఎం చాలు, కలుగులు తవ్వే పందికొక్కుకు 65 నుంచి 70. చిట్టెలుక ఎందులోనైనా దూరుతుంది. ఎదురెదురుగా రెండు కన్నాలు తప్పనిసరి. బయటికి పోయే రెండో దారి కనపడకపోతే ఎలుక లోపల కూర్చుని తినదు. 65 ఎంఎం కన్నంలో పసివాడి చెయ్యి భుజం దాకా పడుతుందని గుర్తుంచుకోండి. అందుకే కన్నానికీ ఎరకూ మధ్య ఒక మలుపు పెట్టాలి. తిన్నని దారిలో ఎర పెట్టిన డబ్బాను, బయట ఏం రాసి ఉన్నా, నేను ఒప్పుకోను.

ఎర మీరు వాడేదే, బ్రోమడయోలోన్ 0.005% కేకు. ల్యాబ్ లెక్కలో పావుకిలో ఎలుకకు 5, 6 గ్రాములు ప్రాణాంతకం. చచ్చేది మాత్రం నాలుగైదు రోజులకు. కాబట్టి రెండో రోజుకే పనిచేయలేదని మందు మార్చకండి. జింక్ ఫాస్ఫైడ్ ఈ డబ్బాల్లో వద్దు. ముందు మందులేని ఎర అలవాటు చేయకుండా పెడితే రుచి చూసి వదిలేస్తాయి, ఆ తర్వాత డబ్బా దగ్గరికే రావు. తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది, దానికి విరుగుడు లేదు. బజార్లో దొరికే పసుపు భాస్వరం పేస్టు సంగతీ అంతే, దానికీ విరుగుడు లేదు. ఆవరణలోకే రానివ్వకండి.

---

బొబ్బిలి_ఫ్యాబ్

రేకు డబ్బా చేయించకండి. 18 గేజ్ జీఐ రేకైనా మీ వైపు ఉప్పుగాలికి రెండు వానాకాలాలకే అంచుల దగ్గర తుప్పు పడుతుంది, బందులు బిగుసుకుపోతాయి. వేసవిలో రేకు కాగితే లోపల మైనం కరిగి ఊచ నుంచి జారిపోతుంది. మురుగునీటి పైపుల సామానుతో చేస్తే చవక, కొలతలు కూడా చక్కగా కుదురుతాయి. ఒక్క స్టేషన్‌కు, అంటే ఎర డబ్బాకు, కావలసినవి ఇవి:

110 ఎంఎం క్లీనింగ్ పైప్ ఒకటి (పైన స్క్రూలతో తలుపు ఉంటుంది, ప్లంబింగ్ షాపులో తలుపు ఉన్న నిలువు పైపు అని అడిగినా ఇస్తారు). 110 × 75 రెడ్యూసర్లు రెండు. 75 ఎంఎం పైపు, మందం ఎక్కువున్న టైప్ బి, 200 ఎంఎం ముక్కలు రెండు, 100 ఎంఎం ముక్కలు రెండు. 75 బెండ్లు రెండు. 75 సాడిల్ క్లాంపులు రెండు. 6 ఎంఎం స్టీల్ బోల్టులు, 75 ఎంఎం పొడవు, పల్చటి తలవి రెండు, ఒక్కోదానికి రెండేసి నైలాక్ నట్లు, ఒక వెడల్పాటి వాషర్.

మధ్యలో క్లీనింగ్ పైప్ తలుపు పైకి ఉండేలా పడుకోబెట్టండి. రెండు వైపులా రెడ్యూసర్, ఆ తర్వాత 200 ముక్క, బెండు, 100 ముక్క. రెండు మూతులూ గోడ వైపే తిరిగి ఉండాలి. పైనుంచి చూస్తే పెట్టె బ్రాకెట్ ఆకారం వస్తుంది. గోడకూ మూతులకూ మధ్య 8 సెంటీమీటర్లు వదలండి. ఎలుక ఎలాగూ గోడ వెంటే నడుస్తుంది, దారిలో మూతి తగులుతుంది. కుక్క ముట్టె ఆ సందులో పట్టదు. పిల్లవాడికి మూతే కనపడదు, కనపడినా బెండు దాటి చెయ్యి పోదు.

అసలు కిటుకు తలుపులో ఉంది. తలుపుకు రెండు కన్నాలు వేసి బోల్టులను బయటి నుంచి లోపలికి దించండి. లోపలి వైపు నైలాక్ నట్ తలుపుకు ఆనేలా బిగించండి. ఆ బోల్టులకు కేకులు గుచ్చి కింద వాషర్, రెండో నట్. తలుపు తీస్తే కేకులు బోల్టులతో సహా వేలాడుతూ బయటికి వస్తాయి, లోపల చెయ్యి పెట్టాల్సిన పని లేదు. 110 గది కాబట్టి ఎలుక కూర్చుని తినడానికి చోటుంటుంది. పైగా రెడ్యూసర్ వల్ల గది నేల పైపు నేల కంటే కాస్త పల్లంగా ఉంటుంది, రాలిన పొడి అక్కడే నిలుస్తుంది. ఆ పల్లంలో 4 ఎంఎం కన్నాలు మూడు వేయండి, నీరు పోవడానికి. 6 వేస్తే పొడి కూడా పోతుంది.

తలుపుకు వచ్చే మామూలు స్క్రూలు తీసేసి నడుమ పుల్ల ఉండే స్టెయిన్‌లెస్ అలెన్ స్క్రూలు వేయండి. మామూలు స్క్రూడ్రైవర్‌కు గానీ పావలా బిళ్లకు గానీ అవి తిరగవు. వాటిని విప్పే కీ ఇద్దరి దగ్గరే ఉండాలి.

రబ్బరు రింగు ఫిట్టింగులు కొనకండి, చేత్తో లాగితే ఊడొస్తాయి. సాల్వెంట్ సిమెంటుతో అతికించేవే తీసుకోండి.

దిమ్మ: 60 × 30 సెంటీమీటర్లు, 5 సెంటీమీటర్ల మందం కాంక్రీటు పలక పోయించి, పచ్చిగా ఉన్నప్పుడే 8 ఎంఎం స్టడ్లు పాతించండి. బరువు 21, 22 కిలోలు. క్లాంపులు దానికి బిగించాలి. నట్టు బిగించాక స్టడ్ మర చివరను సుత్తితో రెండు దెబ్బలు వేసి నలపండి, ఇక విప్పలేరు.

---

పలాస_పిక్క

చాలా థాంక్సండీ, బొమ్మ గీసుకున్నాను. రెండు సందేహాలు. మా కేకులకు మధ్యలో కన్నం లేదు. మేకు కాల్చి గుచ్చమంటున్నారు ఇక్కడ, పరవాలేదా? ఇంకోటి, అతికించిన సాల్వెంట్ వాసనకు ఎలుక వస్తుందా?

---

పెస్ట్_విజినారం

మేకు కాల్చొద్దు, ఆ పొగ పీల్చకూడదు. కరిగిన మైనంలో గింజ మాడి రుచి కూడా పోతుంది. చేతి డ్రిల్లుకు 7 ఎంఎం బిట్ వేసి నెమ్మదిగా తిప్పండి, గ్లవ్స్ వేసుకుని, కింద కాగితం పరిచి. రాలిన పొడిని ఆ కాగితంతోనే చుట్టి పాతేయండి. ఎండకు మెత్తబడ్డ కేకైతే చిట్లుతుంది కాబట్టి పొద్దున్నే చేయండి. కన్నం ఉన్న కేకులూ బజార్లో ఉన్నాయి, తర్వాతి సారి అవి తెప్పించుకోండి. కేకులు కరిగించి సొంతంగా అచ్చు పోసే పని మాత్రం ఎవరు చెప్పినా పెట్టుకోకండి.

వాసన గురించి మంచి ప్రశ్న అడిగారు. అతికించాక తలుపు తీసి నాలుగైదు రోజులు గాలికి వదిలేయండి. ఆ తర్వాత తొక్క కుప్ప పక్క దుమ్ములో దొర్లించి మరీ పెట్టండి. ఫినాయిల్‌తో కడగడం, రంగు వేయడం చేయొద్దు. ఇంటి ఎలుకకు కొత్త వస్తువంటే భయం, వారం దాకా చుట్టూ తిరుగుతుందే తప్ప లోపలికి పోదు. చిట్టెలుకకు ఆ భయం లేదు, మొదటి రాత్రే దూరుతుంది.

మొదటి నాలుగైదు రోజులు మందు లేకుండా నూకలు, కొంచెం నూనె, మీ దగ్గర ఊడ్చే పప్పు పొడి కలిపి 30 గ్రాములు గది నేల మీద వేయండి. వరసగా రెండు రాత్రులు ఖాళీ అయిన స్టేషన్‌కే కేకులు గుచ్చండి. ఒక్కో బోల్టుకు రెండు చొప్పున నాలుగు, 20 గ్రాములవైతే మొత్తం 80 గ్రాములు. నూకలు గుచ్చలేం కాబట్టి అవి మందులేని రోజులకే. మందు కలిపిన నూకలు ఈ పెట్టెల్లో వేయొద్దు.

---

ఆడిట్_కన్ను

ఎన్ని, ఎక్కడ అన్నదానికి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

విషపు ఎర షెడ్డు బయటే. పప్పు వలిచే, గ్రేడింగ్ చేసే, ప్యాక్ చేసే గదుల్లో ఒక్క కేకు కూడా ఉండకూడదు. ఎగుమతి కొనుగోలుదారుల ఆడిటర్ మొదట చూసేది అదే. లోపల స్ప్రింగు బోన్లు, ఒకేసారి చాలా ఎలుకలు పడే డబ్బాలు మాత్రమే, గోడ వెంట 5, 6 మీటర్లకొకటి, తలుపుకు అటూ ఇటూ ఒక్కోటి. మీ ప్యాకింగ్ గది చిట్టెలుకలకు 2, 3 మీటర్లకు తగ్గించండి. అవి తిరిగే మేర చాలా తక్కువ.

బయట షెడ్డు చుట్టుకొలత 130 మీటర్లు. పది మీటర్లకొకటి వేసుకుంటే 13 స్టేషన్లు. దాన్ని గీతగీసినట్టు సమానంగా పంచకండి. సరుకు లోడింగ్ తలుపుకు రెండు పక్కలా, కాలువ మలుపు దగ్గర, తొక్క కుప్పకూ గోడకూ మధ్య దగ్గరగా పెట్టి, ఏమీ లేని ముందు గోడ వైపు దూరం పెంచండి. ప్రహరీ వెంట కలుగులున్న చోట వేరుగా నాలుగో అయిదో కావాలి. గోడకు ఆనుకుని చెత్తాచెదారం, విరిగిన పాలెట్లు ఉంటే ఎలుక స్టేషన్‌ను పట్టించుకోదు. గోడ నుంచి అర మీటరు వెడల్పున కంకర పరిస్తే కొత్త కలుగు పడితే వెంటనే తెలుస్తుంది.

ప్రతి స్టేషన్‌కు నంబరు, ఆ నంబరే గోడ మీద కూడా. ఎవరైనా స్టేషన్ జరిపితే గోడ మీది అంకె పట్టిస్తుంది. హెచ్చరిక తెలుగుతో పాటు ఒడియాలోనూ రాయించండి, పలాసలో పనివాళ్లలో ఒడియా చదివేవాళ్లు ఎందరో. మందు పేరు, శాతం, విరుగుడు విటమిన్ కె1 అన్న ముక్క కూడా అందులో ఉండాలి. పుర్రె బొమ్మ పెద్దదిగా వేయించండి, చదువు రానివారికి అదే అర్థమవుతుంది.

ఒక హెచ్చరిక. చేయించుకున్న డబ్బాను కాగితాల్లో టాంపర్ రెసిస్టెంట్ అని రాయకండి. తయారీదారు పరీక్ష పత్రం ఏదని అడిగితే చూపించలేరు. తాళం వేసిన, బిగించిన ఎర స్టేషన్ అని రాయండి. పరీక్ష మీరే చేసి ఫొటోలు దాచుకోండి. పెట్టెను తలకిందులు చేసి ఇరవై సార్లు ఊపితే ఒక్క ముక్క రాలకూడదు. మీటరు ఎత్తు నుంచి సిమెంటు నేల మీద మూడు సార్లు పడేస్తే తలుపు తెరుచుకోకూడదు. మూతి లోంచి 30 సెంటీమీటర్ల కర్ర దూర్చితే కేకుకు తగలకూడదు. దిమ్మతో సహా ఒక మనిషి ఒంటి చేత్తో ఎత్తలేకపోవాలి.

---

ఉద్దానం_తోట

జీడి యూనిట్‌కి సంబంధం లేకపోయినా ఒక మాట, ఈ చర్చ చూసి కొబ్బరి రైతులు కూడా అడుగుతారు కాబట్టి. చెట్టు మొవ్వలో ఉండే ఎలుకకు నేల మీద స్టేషన్ దండగ. అది కిందికి దిగకుండా మట్టల మీదుగా చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. అక్కడ ప్రతి అయిదు చెట్లలో ఒకదాని మొవ్వలో 10 గ్రాముల బ్రోమడయోలోన్ కేకు, 12 రోజుల ఎడంతో రెండు సార్లు. మట్టలు ఒకదానికొకటి తగలని ఎడం తోటల్లో, అంటే తిత్లీ తుపాను తర్వాత పలచబడిన చోట్ల, మానుకు రెండు మీటర్ల ఎత్తులో 40 సెంటీమీటర్ల వెడల్పు జీఐ రేకు చుట్టినా చాలు, మందే అక్కర్లేదు. రేకు మీద మేకు తలలు పైకి తేలకూడదు, అదే దానికి మెట్టు.

మీ దూలాల మీది ఎలుకలకూ ఇదే సూత్రం. నేల మీద పెట్టె చూసి అవి దిగిరావు. షెడ్డు బయట గోడ పైన, రేకు కిందికి పైపులు, కేబుళ్లు ఎక్కే చోట చిన్న స్టేషన్ గోడకు బిగించండి.

---

పెస్ట్_విజినారం

ఉద్దానం వారు చెప్పింది నిజం, నేనే మర్చిపోయాను. పైన బిగించేదానికి దిమ్మ ఉండదు కాబట్టి నాలుగు మూలలా 8 ఎంఎం ఫాస్టనర్లు, కింద పప్పు తట్టలు వెళ్లే దారి కాకుండా చూసుకోవాలి.

ఇక పెట్టాక ఏం చూడాలో. మొదటి పది రోజులు రెండు రోజులకోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి. ప్రతి సారీ కేకు ఎంత తగ్గిందో నాలుగో వంతుల్లో రాయండి: సున్నా, పావు, సగం, ముప్పావు, మొత్తం. మొత్తం పోయిన చోట కేకులు పెంచకండి, పక్కన ఇంకో స్టేషన్ పెట్టండి. అక్కడ పోటీ ఎక్కువని అర్థం, బలమైన ఎలుక మిగతావాటిని దగ్గరికి రానివ్వదు.

తగ్గిందంటే ఎలుకే తిన్నదని అనుకోవద్దు. కేకును వెలుగులో పట్టి చూడండి. జంటగా సమాంతరంగా పళ్ల గాళ్లు పడి, రెండూ కలిపి 3, 4 ఎంఎం వెడల్పుంటే ఎలుక లేదా పందికొక్కు. అదే జంట ఒకటి రెండు ఎంఎంలే ఉండి, అంచులు నలుసులు నలుసులుగా గీకినట్టుంటే చిట్టెలుక, పక్కన జీలకర్ర గింజంత పెంటికలు కూడా ఉంటాయి. గాళ్లే లేకుండా నున్నగా గిన్నెలా గుంట పడి, ఎండిన జిగురు మెరుస్తుంటే అది నత్త. వానాకాలంలో మీ కాలువ పక్క స్టేషన్లలో ఇదే ఎక్కువ. నత్త తిన్న కేకును ఎలుక ఖాతాలో రాసి నెలల తరబడి మందు పోసేవాళ్లున్నారు. స్టేషన్‌ను ఇటుక ఎత్తున లేపి, చుట్టూ గడ్డి కోసేస్తే తగ్గుతుంది. కేకు చుట్టూ ఇసుకలా సన్నపొడి, గింజ మాయమై మైనం గుల్లగా మిగిలితే చీమలు. దిమ్మ చుట్టూ బూడిద గీత వేయండి, పురుగుమందు కొట్టొద్దు, ఆ వాసనకు ఎలుక రాదు.

బూజు పట్టిన కేకు తీసేయండి. లోపలి పెంటికలు, వెంట్రుకలు అన్నీ కడిగి మెరిపించకండి. తమ వాసన ఉన్న పెట్టెలోకే అవి మళ్లీ వస్తాయి.

ఎండకు స్టేషన్ మీద రెండు నాటుపెంకులు బోర్లించండి, తలుపు మాత్రం అందేలా. తుపాను హెచ్చరిక వస్తే కాలువ పక్క స్టేషన్ల కేకులు ముందు రోజే తీసి తాళం వేసిన డబ్బాలో దాచండి. నీరు లేస్తే మందు చెరువులోకి పోతుంది.

చచ్చిన ఎలుకల కోసం మూడో రోజు నుంచి పొద్దున్నే వెతకాలి. గ్లవ్స్ లేకుండా ముట్టొద్దు, ఎలుకల నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ జబ్బు భయం ఉంది. అర మీటరు లోతున పాతండి. తొక్క కుప్ప మీదికి విసిరితే గద్ద, గుడ్లగూబ, పిల్లి తిని అవీ పోతాయి. గుడ్లగూబ పోతే మీకే నష్టం.

---

పలాస_పిక్క

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ నమస్కారాలు. ముందు మూడు చేయించి తొక్క కుప్ప వైపు పెట్టి చూస్తాను. ఆఖరిగా ఒకటే. ఇంత చేసినా ఏ కుక్కో, పిల్లో, పిల్లవాడో కేకు ముక్క నోట్లో పెట్టుకుంటే?

---

మందుల_షాపు_టెక్కలి

మనిషైతే ఆ పూట బాగానే ఉన్నాడు కదా అని ఊరుకోకూడదు. ఈ మందు రక్తం గడ్డకట్టే గుణాన్ని తీసేస్తుంది. లక్షణాలు రెండు నుంచి అయిదు రోజుల తర్వాత బయటపడతాయి: చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు, ఎర్రటి మూత్రం. వెంటనే 108కి ఫోన్ చేసి, కేకు అట్టపెట్టె చేతిలో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. పేరు బ్రోమడయోలోన్ అని డాక్టరుకు తెలిస్తేనే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ప్రోత్రాంబిన్ టైమ్ పరీక్ష చేసి, రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ చూస్తారు. విరుగుడు విటమిన్ కె1, అవసరమైతే వారాల తరబడి వాడాలి. కె3 మాత్ర దీనికి పనిచేయదు, షాపులో ఏదో ఒక విటమిన్ కె అని అడిగి వేసేయకండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం లాంటివి చేయొద్దు.

కుక్కకూ అదే మందు, పశువుల డాక్టరు దగ్గరికే. దాని మలంలో ఆకుపచ్చగానో నీలంగానో రంగు కనిపిస్తే కేకు తిన్నట్టే. మీ కేకు ఏ రంగో ఇప్పుడే ఆ స్టేషన్ రిజిస్టరు మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.